మా వీధి లింకులు

మా అన్న నేసిన చీరలకు నేను వెబ్‌సైటు పెట్టింది సరదాకి కాదు. కడప వ్యాపారి చీర మడత విప్పకుండానే ధర తెగ్గోసేవాడు. విసిగిపోయిన అన్న ఒకరోజు తేల్చి చెప్పాడు.

"నెట్టులో బేరాలొస్తే మగ్గం మీద కూచుంటా. ల్యాకుంటే బేతంచెర్లకు పోయి బండలకు పాలిష్ పట్టుకుంటా."

అది ఉత్త బెదిరింపు కాదు. మా బావ అప్పటికే ఆ పని చేస్తున్నాడు. అందుకే ఫోను ముందేసుకుని, నెట్టులో వెతికేవాళ్లకు మన సైటు ముందు కనబడేలా చేసే ఎస్‌ఈఓ నేర్చుకున్నాను. జనం ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలు పేజీలో ఉండాలి. అంతకన్నా ముఖ్యం, వేరే సైట్లు మనకు లింకు ఇవ్వాలి. నలుగురూ మన పేరు చెబితేనే సెర్చ్ ఇంజన్ మనల్ని నమ్మి పైకి తెస్తుందట.

ఈ ముక్క ఎదురింటి చిన్నాయనకు చెబితే నవ్వాడు. "ఇంతేనా పాపా? మనకిది కొత్తా?"

నిజమే మరి. మా వీధిలో ఎవరింటి పడుగు దారాలు వీధిలో చాచి గంజి పెడుతున్నా పిలవకుండానే అన్ని ఇళ్ల వాళ్లూ వచ్చి చెయ్యేస్తారు. రేపు వాళ్ల పడుగుకు మేం పోతాం. అదే పద్ధతిలో ఇంటింటికీ చిన్న సైటు చేసిపెట్టాను. ప్రతి సైటులోనూ మిగతా ఇళ్లన్నిటి లింకులూ పెట్టాం.

"మన పేరు మనం చెప్పుకోకుంటే ఎవురు చెప్తారు?" అంది పక్కింటి పెద్దమ్మ.

కొన్నాళ్లు బాగా నడిచింది. బెంగుళూరు నుంచి బేరాలొచ్చాయి. అన్న బేతంచెర్ల ఊసే ఎత్తలేదు. ఆ తర్వాత ఒక పొద్దున వెతికితే మా సైటు లేదు. మా వీధిలో ఏ ఒక్కరి సైటూ లేదు.

కడపలో ఈ పనే వృత్తిగా చేసే ఒకాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన చూసి పెదవి విరిచాడు.

"అందురూ ఒకరికొకరు లింకులిచ్చుకున్యారు. సెర్చ్ ఇంజన్ దీన్ని కుమ్మక్కు అనుకుంటాది. మోసం కింద లెక్క."

ఒళ్లు మండిపోయింది. మా చోట ఇప్పుడు పైనున్నది మరమగ్గం చీరలను చేనేత అని చెప్పి అమ్మే దుకాణం. దానికి లింకులు ఎక్కడివని అడిగితే, "కొనింటారు" అన్నాడు తేలిగ్గా. మగ్గం మొహం ఎరగని, జుట్టు నూనెల గురించి రాసుకునే సైట్లు వాళ్ల పేరు చెబుతున్నాయి. అది పలుకుబడట, మాది మోసమట. ఏం న్యాయమో, దాని మొహం మండ.

లింకులన్నీ పీకేస్తే తప్ప దారి లేదన్నాడు. ఇంటికొచ్చి ఒక్కొక్కటే తీస్తుంటే పెద్దమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది.

"మేమేం తప్పు చేసినాం పాపా?"

"ఏం చేయల్యా పెద్దమ్మా. దానికి మన సంగతి తెల్దు."

"అట్లయితే తీసెయ్. నీకు మంచి జరిగితే సాలు."

తిట్టినా బాగుండేది. ఆమె అలా అనేసరికి నాకు ఏడుపొచ్చింది.

సైటు వెంటనే తేలలేదు. అన్న ఎదురుచూసి ఎదురుచూసి, బావతో పాటు బేతంచెర్ల రైలెక్కాడు.

మొన్న ఫోను మోగింది. హైదరాబాదు నుంచి ఒకావిడ. సెర్చ్‌లో మీ సైటు కనబడింది, ఫొటోలో ఉన్నటువంటి చీర నేసి ఇస్తారా అని అడిగింది. అన్న ఊళ్లో లేడని, మా మగ్గం మీద నేసేవాళ్లు లేరని చెప్పి, పెద్దమ్మ వాళ్ల నంబరు ఇచ్చాను.

"వాళ్లు నిజంగా మీకు తెలిసినవాళ్లేనా? మీ సైటులో వాళ్ల పేరెక్కడా లేదే" అంది ఆవిడ.