పెద్దమ్మ జరపని చక్రాలు

మా పెద్దమ్మ జాతకాలు పోల్చి చూసేది. లాండ్రీ మీద ఒకే గది. కింద ఇస్త్రీ పెట్టెల వేడికి గచ్చు కాగుతుండేది. ఇద్దరి జనన చక్రాలనూ పల్చటి కాగితాల మీద విడివిడిగా గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అద్దపు బల్ల అడుగున బల్బు వెలిగించి చూసేది. కుదరలేదన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. గ్రహాలు మొండికేస్తే పుట్టిన వేళనే కాస్త జరిపేది.

“ఆస్పత్రి గడియారాలు సరిగ్గా నడిచి ఏడుస్తాయా?” అనేది నవ్వుతూ. “చేతులు పట్టుకుని వచ్చినవాళ్లని విడగొడితే నాకేం ఒరుగుతుంది?”

జనమూ అందుకే మెట్లెక్కేవారు. నిజం కావలసినవాడు జాతకాల గదికెందుకు వస్తాడు?

ఆమె ఒక్కగానొక్క కూతురు, మా అక్క, ఆ బల్ల పక్కనే హోంవర్కు చేసుకుంటూ పెరిగింది. రబ్బరుతో చెరిపిన పొట్టును ఊదేసే పని ఆమెదే.

కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఒకతను అక్కను పెళ్లి చేసుకుందామన్నాడు. అతనంటే ఆమెకు ప్రాణం. తండ్రి వదిలేసిపోయిన ఇంట్లో పెరిగింది కనుక పెళ్లంటే అంతకు మించిన భయం. చివరికి ఇద్దరి పుట్టిన వివరాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఈ ఒక్కసారికి నిజం చెప్పమ్మా. కుదరలేదంటే మానుకుంటా.”

పెద్దమ్మ గీసింది. నమ్మలేక మళ్లీ గీసింది. ఆమె రబ్బరు ముట్టకపోవడం ఎదుటే కూర్చుని చూశాను.

“కుదిరాయే! దేన్నీ జరపలేదు. నువ్వే చూడు!”

“ఎవరికి కుదరలేదన్నావ్ గనక?”

“నీ మీద ఒట్టు తల్లీ.”

“నాన్నకీ నీకూ కూడా కుదిరాయనే కదా అందరికీ చెప్పావ్?”

పెద్దమ్మ తలదించుకుంది. “అది... అప్పుడు జరిపాను.”

“నీ బతుకునే జరుపుకున్నదానివి, నాది వదిలేస్తావా?”

అక్క అతనికి ఫోన్లోనే వద్దని చెప్పేసింది. వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది.

అతను షాపు చొక్కాతోనే మెట్లెక్కి వచ్చాడు. “జాతకాలు కలవలేదా అండీ?”

“అచ్చంగా కలిశాయి బాబూ.”

“ఆ మాటేదో తనకి చెప్పండి మరి!”

“చెప్పాను.”

అతను కదల్లేదు. ఇంకేం చేయాలో తోచక పెద్దమ్మ ఆ రెండు కాగితాలూ అతని చేతిలో పెట్టింది. వాటిని ఎలా చదవాలో అతనికి తెలియదు.