దీవికి వెళ్లిన మిరపకాయలు

నా చిన్నప్పుడు ముదిగొండ దగ్గరి మా ఊళ్లో, ఎండుమిరపకు తొడిమలు తీసే పనికి వెళ్లే, మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పిన్ని ఏటా ఒక పొట్లం కట్టేది. ఆమె ఒక్కగానొక్క తమ్ముడు ఆఫ్రికా తూర్పు తీరాన ఏదో చిన్న దీవిలో పడవలు బాగుచేసేవాడు. అక్కడి కూరల్లో కారమే ఉండదని, మన మిరపకాయలు పంపమని రాసేవాడు. ఖాలాకు చదువు రాదు. ఉత్తరాలన్నీ నేనే చదివి పెట్టేదాన్ని. దానికి నాకు గర్వం కూడా ఎక్కువే.

ఒక ఏడు నాలుగు నెలలైనా ఉత్తరం రాలేదు. పొట్లం కట్టి పెట్టుకున్న ఖాలా, ఆ దీవి ఎంత దూరమో నా బడి పటంలో చూసి చెప్పమంది. ఎంత వెతికినా అది కనబడలేదు. తెలియదు అనడానికి నాకు నామోషీ.

"గసొంటి దీవే లేదు ఖాలా," అనేశాను.

ఆమె ముఖం వాడిపోయింది. "అయితే ఇన్నేండ్లు నాకు అబద్ధం చెప్పిండా?" అంది. పొట్లం విప్పి కాయల్ని మళ్లీ డబ్బాలో పోసేసింది.

నెలన్నర తర్వాత ఖాలా నోట ఈ సంగతి విన్న మా తాతయ్య నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అదే పటం నా ముందు పరిచి, "మన ఊరు యాడుందో సూపియ్యే," అన్నాడు. చాలాసేపు వెతికాను. మా ఊరూ లేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆయన ఖాలా చేత మళ్లీ పొట్లం కట్టించి, ఖమ్మం బస్సెక్కి పోస్టు చేసి వచ్చాడు.

జవాబు తమ్ముడి దస్తూరీలో రాలేదు. అతనితో పనిచేసే తెలుగు మనిషి రాశాడు. ఆ రోజు తాతయ్య ఉత్తరం నా చేతికివ్వలేదు. తమ్ముడు జ్వరంతో పోయాడని మెల్లగా చెప్పి, ఆఖరి రోజు ఆ కాయలతో నూరిన పచ్చడి వేసుకుని రెండు ముద్దలు తిన్నాడని చదివాడు.

"తిన్నడా? నేను పంపినయే తిన్నడా?" అని ఖాలా అడిగి అడిగి ఏడ్చింది.

"అవ్ బిడ్డా, తిన్నడు."

ఆయన భుజం వెనక నిలబడి నేనూ చదివాను. అతను రోజూ పొట్లం వచ్చిందా అని అడిగేవాడట. అది అతను పోయిన నాలుగో రోజుకు చేరింది.

ఇప్పుడు తాతయ్యా లేడు, ఖాలా లేదు. మా మనవడి ఫోన్‌లో ఆ దీవి చక్కగా కనిపిస్తుంది, ఇళ్లు, మసీదు, ఒడ్డున పడవలు. తెలియనిదాన్ని లేదని నేను మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఖాలాకు నిజం చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. ఆ నెలన్నర ఆలస్యం నాదే, ఇంకా నా దగ్గరే ఉంది.