మా వెనక గదిలో దిగిన కోచ్‌లు

మొన్న హామిల్టన్‌లో ఒక పాత సామాన్ల షాపులో మూలనున్న పెట్టె మూత ఎత్తితే చెమటా, తడిసిన తోలూ, పాత రబ్బరూ కలిసి మగ్గిన వాసన ముఖానికి గుప్పున కొట్టింది. లోపల ఎవరివో ఐస్ హాకీ చేతి తొడుగులు, అరచేతుల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి. ఆ వాసన వేరేవాళ్ళకి ఆటను గుర్తు చేస్తుందేమో. నాకు మాత్రం చెవులు వేడెక్కుతాయి, ఎవరో నన్నే చూస్తున్నట్టు తల దించుకోవాలనిపిస్తుంది. మూత వేసేసి బయటికొచ్చి కారులో చాలాసేపు కూర్చున్నాను.

రెండువేల దశకంలో మేం ఇదే దేశపు దక్షిణ దీవిలోని ఒక చలి ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ రెస్ట్ హోమ్‌లో నర్సు, నాన్న అక్కడే ముసలివాళ్ళకి స్నానాలు చేయించే కేర్ వర్కర్. ఆ ఊళ్ళో ఒక ఐస్ హాకీ జట్టు ఉండేది. ఆటగాళ్ళలో చాలామంది పగలు వేరే పనులు చేసుకునేవాళ్ళే అయినా హెడ్ కోచ్‌ని మాత్రం జీతమిచ్చి పైదేశాల నుంచి తెప్పించేవాళ్ళు. చలికాలం మొదట్లో దిగి, చివర్లో వెళ్ళిపోయే ఆ మనిషికి ఊళ్ళో ఎవరో ఒకరు తమ ఇంట్లో గది ఇవ్వడం అక్కడి పద్ధతి. క్లబ్ మేనేజర్ బ్రెండా తల్లి, మా అమ్మ పనిచేసే రెస్ట్ హోమ్‌లోనే ఉండేది. తల్లిని చూడ్డానికి వచ్చినప్పుడు ఆవిడ మాటల్లో గది సంగతి ఎత్తింది, అమ్మ ఇంటికొచ్చి చెప్పింది, అద్దె మాట ఎత్తవద్దని నాన్న మర్నాడే కబురు పంపాడు. కారణం నేను. ఐస్ రింక్ అంచు పట్టుకుని ఆ మంచు నేల మీద నడవడం అప్పుడే నేర్చుకున్నాను, పిల్లల జట్టులో గోల్‌కీపర్‌నవ్వాలని ఇంట్లో ఒకటే గోల చేసేదాన్ని. పన్నెండేళ్ళలోపు పిల్లల జట్టుని ఎంపిక చేసేది హెడ్ కోచే. "మన ఇంట్లో తినే మనిషి మన పిల్లని పక్కన పెడతాడా ఏంటి?" అనేవాడు నాన్న.

అలా మా ఇంటి చలికాలాలకి కోచ్‌ల పేర్లు వచ్చాయి. భూమికి ఈ దక్షిణ కొసన చలికాలమైన జూన్ నెలలో, బయట గడ్డి మంచుకి తెల్లబడి చెప్పుల కింద కరకరలాడుతుంటే, అమ్మ వంటింటి కిటికీ అద్దాలు ఆవిరితో మూసుకుపోయేలా పొయ్యి దగ్గర నిలబడి, క్రిస్మస్‌కి చేసే గులాబీ పువ్వులూ అరిసెలూ కొత్త కోచ్ కోసం మళ్ళీ చేసేది. ఆరని బట్టలు హీటర్ ముందు, వాటి పక్కన కోచ్ గారి తొడుగులు, మోకాలి చిప్పల కవచాలు, ఆ పక్కనే అప్పడాల డబ్బా. ఇల్లంతా ఒకే వాసన. బడికి వెళ్తే నా స్వెటర్ పట్టుకుని పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. అది కూరదో కవచాలదో వాళ్ళకీ తెలియదు, సిగ్గు మాత్రం మొత్తం నాకే.

మొదటివాడు కెనడా నుంచి వచ్చిన డేవ్ అంకుల్. చికెన్ పులుసు తింటూ కళ్ళ నీళ్ళు కారుస్తూ మరో గరిటె వేయించుకునేవాడు, వెనక్కి స్కేట్ చేయడం ఆయనే నేర్పాడు. "వచ్చే ఏడు నువ్వే నా గోల్‌కీపర్‌వి," అని నా హెల్మెట్ మీద కొట్టి మరీ చెప్పాడు. జట్టు ఓడింది, క్లబ్ ఆయన్ని మళ్ళీ పిలవలేదు, ఆ తర్వాత ఒక క్రిస్మస్ కార్డు కూడా రాలేదు. రెండో ఏడు ఫిన్లాండ్ నుంచి యారీ అంకుల్. అమ్మ ఎన్ని వండినా ఉడికించిన బంగాళదుంపలూ గుడ్లూ తప్ప ముట్టేవాడు కాదు. చలికాలమంతా మా బల్ల దగ్గర కూర్చున్న ఆ మనిషి, రింక్‌లో నేనెవరినని ఒకాయన అడిగితే, "నేను దిగిన ఇంటివాళ్ళ పిల్ల," అన్నాడు. పేరు గుర్తు రాలేదు. మూడో ఏడు వచ్చిన గోర్డన్ అయితే తన కోటు కూర కంపు కొడుతోందని బ్రెండాకి చెప్పాడు, బ్రెండా నవ్వుతూ అమ్మకి చెప్పింది, అమ్మ ఆ వారమంతా తాలింపు పెట్టకుండా వండింది. ఆయన కవచాల కంపుకి మా హాల్లో కూర్చోలేకపోయేవాళ్ళం, ఆ మాట మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేను మర్చిపోతానని అనుకున్నవాళ్ళందరికీ చెబుతున్నాను, మర్చిపోలేదు.

వీళ్ళందరి కాలంలోనూ మా ఇంట్లో మారనిది సాయంత్రం ప్రార్థన. భోజనాలయ్యాక బల్ల చుట్టూ తలలు వంచుకునేవాళ్ళం, కోచ్ కూడా మర్యాదకి వంచేవాడు. నాన్న కళ్ళు మూసుకుని గొంతెత్తేవాడు: "ప్రభువా, సాటర్‌డే మ్యాచ్‌లో కోచ్ గారికి విక్టరీ దయచేయి. జూనియర్ టీమ్ సెలక్షన్‌లో మా రూత్‌ని గోల్‌కీపర్‌గా సెలెక్ట్ చేసేటట్టు కోచ్ గారి హార్ట్‌ని టచ్ చేయి తండ్రీ." తెలుగులో కాబట్టి ఆయనకి అర్థం కాదని నాన్న ధీమా. ఒకరోజు ఒంటికన్ను తెరిచి చూస్తే గోర్డన్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటున్నాడు. బల్ల కిందికి దూరిపోదామనిపించింది.

నాలుగో ఏడు స్లొవాకియా నుంచి మిలాన్ అంకుల్ వచ్చాడు. అప్పటికి నాకు పన్నెండు నిండబోతున్నాయి, పిల్లల జట్టుకి అదే నా ఆఖరి ఏడు. ఆయన మొదటి రోజే నాన్నని చూసి చెంచా పక్కన పెట్టి చేత్తో కలుపుకున్నాడు, ముద్ద జారిపోతుంటే అమ్మ నవ్వింది, తనూ నవ్వాడు. సాయంత్రాలు మా గరాజ్ తలుపు ముందు నన్ను నిలబెట్టి టెన్నిస్ బంతులు విసిరేవాడు. నా పేరు ఏ రోజూ తప్పు పలకలేదు. ఎంపికకి నెల ఉందనగా రింక్ నుంచి ఇంటికి తీసుకొస్తూ దారిలో కారు పక్కకి ఆపాడు.

"నాకు మీ భాష రాదు రూత్. కానీ మీ నాన్న రోజూ దేవుణ్ణి ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు," అన్నాడు. "నువ్వు బాగా ఆడతావు. కానీ నేను మీ ఇంట్లో తింటున్నాను. నిన్ను తీసుకుంటే, కూర పెట్టారు కాబట్టి తీసుకున్నాడని రింక్‌లో ప్రతి తల్లీ అంటుంది. ఆ మాట పడేది నీ మీద. అందుకే తీసుకోలేను."

నేను ఏడుస్తూ ఇంట్లోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వంటింట్లో అమ్మా నాన్నా గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

"అంటే, ఆయన వేరేచోట ఉంటే తీసుకుంటాడన్నమాటేగా?" అంది అమ్మ.

"ఇంటికొచ్చిన మనిషిని ఎట్టా పొమ్మంటామే?"

"మరి ఇన్నేళ్ళు ఈళ్ళందర్నీ మేపింది దేనికండీ?"

అప్పటిదాకా మిలాన్ అంకుల్ మీదున్న కోపం ఆ ఒక్క మాటతో పోయింది. తలుపుకి అవతలున్న మనిషి వినలేదని తెలిసినా, విన్నట్టే నా ముఖం మండిపోయింది.

మర్నాడు నాన్న ఆయనతో, ఇండియా నుంచి మా బాబాయివాళ్ళు పిల్లల్తో వస్తున్నారు, గది కావాలి, ఏమీ అనుకోవద్దు అని చెప్పాడు. మాకు ఏ బాబాయీ లేడు. మిలాన్ అంకుల్ సంతోషంగా నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు, పిల్లలు ఎంతవాళ్ళని అడిగాడు. ఆ సాయంత్రమే దుప్పట్లు తనే ఉతికి, మడిచి, మంచం మీద పెట్టి, రింక్ మేడమీద సామాన్లు పెట్టుకునే గదికి మారిపోయాడు. ఆ వారం మ్యాచ్‌లో జట్టు ఓడింది.

ఆదివారం చర్చి అయ్యాక, అమ్మతోపాటు పనిచేసే సుజాత ఆంటీ అందరి ముందూ అడిగింది: "చుట్టాలొచ్చారంట కదా వదినా? మాక్కూడా చూపించకుండా దాచుకున్నారేంటి? వాళ్ళేమన్నా వీసా లేకుండా వచ్చారా ఏంటి!" అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను అమ్మ చున్నీ అంచు చూస్తూ నిలబడ్డాను.

అదే మధ్యాహ్నం మిలాన్ అంకుల్ వచ్చాడు. తలుపు తీసింది నేనే. చేతిలో పెద్ద బిస్కెట్ల డబ్బా, దాని మీద రెండు చిన్న ఊలు టోపీలు. పిల్లలు ఎండదేశం నుంచి వస్తున్నారు కదా, చలికి తట్టుకోలేరని తెచ్చానన్నాడు. హాల్లోంచి చూస్తే వెనక గది బార్లా తెరిచి ఉంది. మంచం మీద ఆయన మడిచి పెట్టిన దుప్పట్లు మడిచినట్టే ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు. నాన్న సోఫాలోంచి లేచి, "ఫ్లైట్ లేటండి... అంటే, టికెట్ పోస్ట్‌పోన్ అయింది..." అంటూ ఇంగ్లీషూ తెలుగూ కలిపేస్తూ అక్కడే ఆగిపోయాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. మిలాన్ అంకుల్ డబ్బా బల్ల మీద పెట్టాడు, టోపీలు దాని పక్కన సర్దాడు, "అన్నీ బాగా జరగాలి," అని నాన్న భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. అడగకుండా వెళ్ళడం ఎంత పెద్ద దెబ్బో ఆయనకి తెలిసి ఉండదు.

తర్వాతి మ్యాచ్ కూడా పోయింది. ఎంపికకి వారం ముందే క్లబ్ ఆయన్ని పంపించేసింది. ఆ ఊరి పాత ఆటగాణ్ణొకణ్ణి కోచ్‌ని చేసింది, ఆయన తనకి తెలిసిన పిల్లల్నే తీసుకున్నాడు. గోడకి అంటించిన పేర్లలో నాది లేదు. నా పక్కన నిలబడ్డ అమ్మ నా కంటే ఎక్కువసేపు వెతికింది. ఆ సాయంత్రం ప్రార్థనలో నాన్న ఆహారం కోసం, ఆరోగ్యం కోసం అడిగి ఆమేన్ అనేశాడు. ఆ ఇంట్లో అంత చిన్న ప్రార్థన నేనెప్పుడూ వినలేదు. మరుసటి ఏడు బ్రెండా మళ్ళీ గది అడిగితే, ఖాళీ లేదన్నారు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాని చోట రెండంతస్తుల ఫ్లాట్లు లేచాయి. పిల్లలు అంచు పట్టుకుని నడిచిన చెక్క కటకటాలు తీసేసి రింక్‌కి అద్దాలు పెట్టారు. పోయిన చలికాలం పని మీద ఆ ఊరు వెళ్ళి లోపలికి తొంగిచూస్తే, నడవాలో ఇప్పటిదాకా పనిచేసిన హెడ్ కోచ్‌ల ఫోటోలు వరసగా పెట్టారు. డేవ్, యారీ, గోర్డన్, ఆ పక్కనే ఊరి పాత ఆటగాడు. మిలాన్ అంకుల్ లేడు. నేను ఊరుకునే మనిషిని కాదు. కౌంటర్ దగ్గరున్న కుర్రదాన్ని అడిగాను, సీజన్ పూర్తి చేయలేదు కాబట్టి పెట్టలేదేమో అంది. అలాగని ఎక్కడ రాసుందన్నాను. క్లబ్‌కి మెయిల్ పెట్టాను, జవాబు రాకపోతే మళ్ళీ పెట్టాను. మూడోసారికి జవాబొచ్చింది: మీరన్నది నిజమే, ఆయన మా కోచే, మా దగ్గర ఫోటో లేదు, మీ ఇంట్లోనే ఉన్నారట కదా, ఒకటి పంపితే తప్పకుండా పెడతాం.

అమ్మా నాన్నా ఇప్పుడు టౌరంగాలో ఉంటున్నారు. ఫోన్ చేసి, మిలాన్ అంకుల్ ఫోటో ఒక్కటైనా తీశామా అని అడిగాను.

"సీజన్ అయ్యాక వెళ్ళేటప్పుడు తీసుకుందాంలే అనుకున్నానమ్మా," అన్నాడు నాన్న. "పొమ్మన్నాక ఎట్టా అడుగుతాం?"

క్లబ్‌కి ఇంకా జవాబు రాయలేదు.