చుక్క పొడిచిన చెయ్యి

మొన్న మనవరాలి మోచేతి మీద తెల్లమచ్చ కనబడితే కరీంనగర్ తీసుకుపోయాం. చర్మవ్యాధుల డాక్టరమ్మ మందు రాసిచ్చి, ఇందులో ఉన్నది బావంచి గింజల్లోని సారమే పెద్దమ్మా, రాసుకున్నాక కాసేపు వెలుతురు తగలాలి అంది. ఆ గింజ పేరు వినేసరికి మా అక్క గుర్తొచ్చి అక్కడే ఏడ్చేశాను. ఈ వయసులో నా కన్నీళ్ళకు వేళాపాళా లేదు లెండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మేం లక్సెట్టిపేటలో ఉండేవాళ్ళం. చొప్పదండిలో కాపురం చేసుకుంటున్న అక్కకు కుడిచేతి మీద బొల్లి మచ్చ లేస్తే, ఆమె అత్త దాన్ని కుష్ఠులాంటి పెద్దరోగమనుకొని, ఆ చేత్తో వండింది మేం తినలేమని, మచ్చలో రంగు నిండేదాకా పుట్టింట్లోనే ఉండమని పంపించేసింది. నయం కాగానే వచ్చి తీసుకుపోతానని బావ బండి దగ్గర చెప్పాడట. అక్క ఆ ఒక్క మాటను నమ్ముకొని బతికింది.

అవ్వ, అంటే మా అమ్మ, ఆ బావంచి గింజలే తెప్పించి, ఆవు పంచితంలో నానబెట్టి నూరి, మచ్చకు పట్టించి, అక్కను వాకిట్లో పొద్దుటెండకు కూర్చోబెట్టేది. ఎంత మంట పుట్టినా అక్క లేచేది కాదు. పైగా నీడ మీదికి వస్తే పీట జరుపుకొని మళ్ళీ ఎండలోకే పోయేది. బొబ్బలు లేచేవి, మానేవి, మళ్ళీ లేచేవి. ఎండాకాలం గడిచేసరికి తెల్లటి మచ్చ నడుమ ఆవగింజంత నల్లచుక్క కనబడింది. చర్మంలో రంగు మేలుకుంటే వెంట్రుకల మొదళ్ళ దగ్గర ముందుగా అట్లా చుక్కలుగానే వస్తుందని డాక్టరమ్మ చెబితే ఇప్పుడు తెలిసింది గానీ, అవ్వ ఆనాడే "చుక్క పొడిచింది బిడ్డా, ఇగ ఫికర్ లేదు" అంటూ ఇల్లంతా తిరిగింది.

ఆ సంబరంలో మా నాన్న, బాపు, ఆగలేక చొప్పదండికి కబురు పెట్టాడు. బావా, వాళ్ళమ్మా వచ్చారు. బొబ్బలు మానిన తెల్లచర్మం మీద నల్లనల్లని చుక్కలు చూసి ఆవిడ గడప కూడా దాటలేదు. "గిదేంది, నయమైతున్నదంటిరి? రోగం ఇంకింత ముదిరింది గదా!" అని వెనక్కు తిరిగింది. రంగు గట్లనే వస్తది వదినా, జర ఆగుండ్రి అని అవ్వ కాళ్ళావేళ్ళా పడింది. బావ ఒకసారి అక్క మొహంలోకి చూసి, తలొంచుకొని తల్లి వెంట పోయాడు. ఆ మనిషిని నేనిప్పటికీ క్షమించలేదు.

చుక్కా చుక్కా కలిసి, చలికాలానికి మచ్చ ఎక్కడుండేదో వెతుక్కోవలసి వచ్చింది. బావకు మళ్ళీ పెళ్ళైందన్న కబురూ అప్పుడే వచ్చింది. అక్క ఏడవలేదు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకొని, "నిండింది అవ్వా, గిప్పుడు ఎవలకు సూపియ్యాలె?" అంది.

ఇప్పటి ఆడపిల్లలు మచ్చలున్న చేతులతోనే కొలువులకు పోతున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, ఎవరైనా అడిగితే దాపరికం లేకుండా చెబుతున్నారు. చూస్తే నా కడుపు నిండుతుంది, ఆ వెంటనే మండుతుంది. మా అక్క మాత్రం పోయేదాకా, ఇంటికి ఎవరొచ్చినా, ఏ మచ్చా లేని ఆ చేతిని కొంగు కింద దాచుకునేది.