అల్లుడుగారి వెడల్పు చక్రాలు

నిరుడు వానాకాలంలో మా కొత్త అల్లుడుగారు ఏలూరులో జీపుకి చక్రాలు మార్పించారు. కొత్తవి బాడీకి జానెడు బయటికి పొడుచుకొచ్చాయి. "ఇక బండి బోల్తా పడదండీ మావయ్యగారూ!" అన్నారు.

నేను ఏ కాలేజీకీ వెళ్ళలేదు. నలభై ఏళ్ళు జీపులు విప్పి, బిగించి నేర్చుకున్నాను. బేరింగులు అరుగుతాయనీ, చెరువు గట్ల మీద ప్రమాదమనీ నాకు తెలుసు. కానీ కొత్త అల్లుణ్ణి తప్పుపట్టడం మర్యాద కాదట! "భేషుగ్గా ఉన్నాయండీ" అన్నాను.

మర్నాడే మా దంపతులను ఎక్కించుకుని, కొల్లేరు పక్కన తమ చేపల చెరువు చూపించడానికి బయల్దేరారు. ఆ గట్టు మామూలు జీపు పట్టేంత వెడల్పే. ఎడమ చక్రం తడి అంచు తొక్కింది, మట్టి జారింది, జీపు చెరువులోకి ఒరిగిపోయింది. ఈత రాని మా ఆవిడ మునిగిపోతుంటే జుట్టు పట్టుకుని గట్టెక్కించాను.

"మీకు ముందే తెలుసు కదండీ?" అంది దగ్గుతూ.

"కొత్త అల్లుడు కదే..."

"అయితే మీ మర్యాదకి నన్ను చంపుతారా?"

ఈలోగా అల్లుడుగారు బురదలోంచి లేచి, "గట్టు సరిగ్గా వెయ్యలేదండీ మావయ్యగారూ" అన్నారు.

తప్పు గట్టుది కాదు, చక్రాలదని చెప్పడానికి అప్పుడు తెరిచిన నోరు నేనింకా మూయలేదు. అల్లుడుగారు మా ఇంటికి రావడం తగ్గించారు. మా ఆవిడ మాత్రం బతికి ఉంది.