సూర్యాపేటలో వాన, తిరుమలగిరిలో గంజి

1973 ఎండాకాలంలో నన్ను సూర్యాపేట తాలూకాలోని తిరుమలగిరికి గిర్దావరుగా వేశారు. గిర్దావరు అంటే పట్వారీలకు పైన, తహశీల్దారుకు కింద ఉండే రెవెన్యూ ఉద్యోగి. పైనుంచి వచ్చే తిట్లు కిందికి, కింది నుంచి వచ్చే తిట్లు పైకి చేరవేయడం అతని పనిలో పెద్ద భాగం.

అంతకుముందు వానాకాలంలో వానలు ఎగ్గొట్టాయి. కరువు సహాయం రెండు రకాలుగా నడిచేది. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు రోడ్డు పని, చెరువు పూడిక పని. పని చేయలేని ముసలివాళ్లకు, గుడ్డివాళ్లకు, పచ్చి బాలింతలకు గంజి కేంద్రం. మిర్యాలగూడ మిల్లుల్లో సర్కారు కొన్న నూకలు సూర్యాపేట గోదాముకు వచ్చి, అక్కడి నుంచి లారీలో మాకు వచ్చేవి. తిరుమలగిరి కేంద్రాన్ని బందెలదొడ్డిలో పెట్టాము. పశువులను జనం అప్పటికే అమ్ముకున్నారు కాబట్టి దొడ్డి ఖాళీగా ఉంది.

వంట సత్తెమ్మది. నలభై దాటిన మనిషి, భర్త లేడు. గంజి చిక్కగా కాచేది, గట్టిగా అరిచేది. వచ్చేవాళ్లలో లచ్చయ్య అనే ముసలి సాలె ఒకడు. చూపు పూర్తిగా పోయింది. భార్య కొంగు పట్టుకుని నడిచి వచ్చి, పొయ్యికి దగ్గరగా గోడవారన కూర్చునేవాడు.

మృగశిర దాటాక ఒక సాయంత్రం సూర్యాపేటలో గట్టి వాన పడింది. మర్నాడు బస్సులో నాకు కలెక్టరు కచేరి ఉత్తర్వు వచ్చింది. తాలూకాలో వానలు మొదలయ్యాయి, వ్యవసాయ పనులు దొరుకుతాయి, కనుక గంజి కేంద్రాలు మూసివేసి మిగిలిన నూకలు గోదాముకు తిప్పి పంపవలెను. తిరుమలగిరిలో అప్పటికి మబ్బు కూడా పట్టలేదు.

ఉత్తర్వు అందాక పొయ్యి వెలిగించే అధికారం నాకు లేదు. మరుసటి పొద్దున సత్తెమ్మకు వద్దని చెప్పాను. జనం మాత్రం ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నారు. లచ్చయ్య కాసేపు మొహం అటూ ఇటూ తిప్పి, “సత్తెమ్మా, పొగ వాసన వస్తలేదేందే?” అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను దొడ్డి తలుపు బోల్టు సరిగా ఉందో లేదో పరీక్షించాను.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. హమాలీలు దిగేలోపల సత్తెమ్మ వెళ్లి నూకల బస్తాల మీద కూర్చుంది.

“లే సత్తెమ్మా, సర్కారు ఆర్డరు,” అన్నాను.

“సూర్యాపేటల వాన వడితే గీడ కడుపు నిండుతదా సారూ? బస్తాలు ఏస్కపోతే నన్ను గూడ ఏస్కపోండ్రి. గాడనన్న ఇంత గంజి పోస్తరు.”

ఆమె బరువైన మనిషి. హమాలీలు బస్తాలకు కూలి మాట్లాడుకున్నారు, మనుషులకు మాట్లాడుకోలేదు. డ్రైవరు ఇగ లాభం లేదని లారీ తిప్పాడు. అందులోనే నేనూ ఎక్కి సూర్యాపేట చేరుకున్నాను.

తహశీల్దారుది కోదాడ వైపు. మెత్తగా మాట్లాడేవాడు, రూలు తప్పేవాడు కాదు. నేను జరిగింది చెప్పి, మా దగ్గర చినుకు కూడా పడలేదన్నాను.

“మీ ఊళ్లో వాన కొలిచే గేజీ ఉందా?”

“లేదు సార్.”

“మరి పడలేదని ఎలా రాస్తామండీ? పడలేదని రాయాలన్నా గేజీ ఉండాలి కదా.”

నాకు కోపం వచ్చింది. ఆ గంజి తాగేవాళ్లకు వాన పడినా ఒకటే, పడకపోయినా ఒకటే సార్, లచ్చయ్యను ఎవరు నాట్లకు పిలుస్తరు అన్నాను. గొంతు కాస్త పెరిగింది. గుమాస్తాలు తలలు ఎత్తారు.

తహశీల్దారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇప్పుడన్నారే, ఆ ముక్క కాగితం మీద పెట్టండి. కానీ అభ్యంతరం అని రాయకండి. అభ్యంతరం చూస్తే పైవాళ్లు ఒక్క గీతతో కొట్టేస్తారు. సందేహం అని రాయండి. సందేహానికి జవాబు రాయాలి. జవాబొచ్చే దాకా ఉన్నది ఉన్నట్టే నడపొచ్చు.”

అక్కడే కూర్చుని రాశాను. పని చేయలేనివారికే గంజి ఇవ్వవలెనని మొదటి ఉత్తర్వు చెప్పుచున్నది. పని దొరుకును గనుక గంజి ఆపవలెనని రెండవ ఉత్తర్వు చెప్పుచున్నది. పని చేయలేనివారికి పని దొరికినచో ఏమి చేయవలెనో తెలుపగోరుచున్నాను. తహశీల్దారు రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం చేసి కలెక్టరు కచేరికి పంపాడు. నాతో మాత్రం, “పొయ్యి వెలిగించుకోండి,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి సత్తెమ్మకు చెప్పాను. “గింత దానికి సూర్యాపేట దాంక వోవాల్నా?” అని విసుక్కుంటూ కట్టెలు ఎగదోసింది. దొడ్డంతా పొగ కమ్ముకుంది. లచ్చయ్య దగ్గుతూనే జరిగి జరిగి పొయ్యి పక్కకు చేరాడు.

మా సందేహం కలెక్టరు కచేరిలో ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి ప్రయాణం చేసింది. ఒకసారి అదనపు వివరాలు అడిగారు. పంపాము. తిరుమలగిరిలో వానలు ఆలస్యంగా, కానీ బాగానే పడ్డాయి. దసరా దాటి, జొన్న కోతలై, ఇళ్లల్లో గింజ కనపడ్డాక జవాబు వచ్చింది. కేంద్రం వెంటనే మూసివేయవలెను. వెంటనే మూసివేశాము. ఆ రోజు సత్తెమ్మ బస్తాల మీద కూర్చోలేదు. కూర్చోవడానికి బస్తాలు కూడా మిగలలేదు.

ఆ తరువాత చాలా ఏళ్లు సర్వీసు చేసి తహశీల్దారుగా దిగిపోయాను. ఉత్తర్వును ఎదిరించినవాడికి బదిలీ వస్తుందని, అర్థం కాలేదని అడిగినవాడికి గడువు వస్తుందని ఈ సంగతి నాకు నేర్పింది. నా కింది గిర్దావర్లు నాకూ అట్లాంటి సందేహాలు పంపారు. అన్నిటికీ జవాబులు ఇచ్చాను. కొన్నిటికి మాత్రం కోతలయ్యాక ఇచ్చాను.