నీకొక్కదానికే ఈ రేటు

పెనుకొండ దగ్గర ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో నేను ఫార్మసిస్టుని. పైనుంచి వచ్చే సరుకు అయిపోతే, ఉన్న కొద్ది నిధితో బయట కొనుక్కోవాలి. ఆ సంవత్సరం కట్లు కట్టే గాజుగుడ్డ నెల తిరక్కుండానే అయిపోయేది. కాలికి షుగరు పుండున్న ఒక అవ్వకు రోజూ కట్టు మార్చాలి. గుడ్డ చాలక వారానికొకసారే రమ్మనేవాళ్లం. పుండు ఇట్లాగే పాకితే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు నాతో అన్న రోజు నాకు అన్నం సయించలేదు.

గుడ్డ హిందూపురంలో ఒక హోల్‌సేలు అంగడాయన దగ్గర కొనేదాన్ని. గీసి గీసి బేరమాడితే, ఆయన గొంతు తగ్గించి, "నీకొక్కదానికేమ్మా ఈ రేటు, ఎవరికీ చెప్పొద్దు" అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, నాకు కాక బేరం ఇంకెవరికి వస్తుంది?

ఒక మీటింగులో హిందూపురం వైపు ఆసుపత్రి ఆయన, ధర్మవరం వైపు ఆసుపత్రి ఆమె నా పక్కన కూర్చున్నారు. మాటల్లో తేలింది, ముగ్గురిదీ అదే అంగడి. రేటు దగ్గర మాత్రం ఎవరూ నోరు విప్పరు.

"నాకొక్కదానికే ఇచ్చినాడు, చెప్పొద్దన్నాడు" అంది ధర్మవరం ఆమె.

హిందూపురం ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నాకూ అదే మాట చెప్పినాడు కదమ్మా."

అప్పుడు బయటపడ్డాయి మూడు రేట్లు. అందరికన్నా ఎక్కువ పెట్టింది నేనే. ఒళ్లు మండింది, నవ్వూ ఆగలేదు. మా నాయన వీధిలోని మగ్గాల వాళ్లతో కలిసే పట్టు కొనేవాడు. విడిగా పోతే షావుకారు చెప్పిందే ధర. అది చూస్తూ పెరిగిన నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

మూడు ఆసుపత్రులకూ కలిపి కొనేదానికి పై అధికారి ఒప్పుకునేదాకా ఆయన్ను వదల్లేదు. తర్వాత ముగ్గురం పోయి అంగడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

"ముగ్గురికీ ఒకటే రేటు. లేదంటే బెంగళూరు పోతాం" అన్నాను.

"ఏందమ్మా, జట్టు కట్టుకోని వచ్చినారు" అంటూనే ఆయన రేటు బాగా కిందికి దించాడు. నాకు అక్కడే ఎగిరి గంతేయాలనిపించింది.

ఆ నెల నుంచి అవ్వకు రోజూ కట్టు మార్చాం. పుండు ఆరుతూ వచ్చింది. ఒకరోజు డాక్టరు చూసి ఇక భయం లేదన్నాడు. పట్టలేని సంతోషంలో నోరు జారాను.

"అవ్వా, నీ కాలు తీసే పని లేదంట!"

అవ్వ కట్టు వైపు చూసుకుంది. "తీయాలనుకున్నారా? ఎందుకు?"

"కట్టేదానికి గుడ్డ చాలక" అన్నాను.

"ఇంత గుడ్డకా?" అంది అవ్వ.